పుట్టినరోజు రాయి

పిల్లలూ! ఈ పాఠానికి కారణం ఒక చిన్న ఉంగరం.

కిందటి సంవత్సరం సెప్టెంబరు నెలలో మన తెలుగు తరగతిలోని ఒక అమ్మాయికి పుట్టినరోజు వచ్చింది. ఫ్రాన్సు దేశంలో ఉన్న మేనత్త ఆమెకు ఒక వెండి ఉంగరం పంపింది. దానిలో నీలిరంగు రాయి పొదిగి ఉన్నది. డబ్బాలో ఒక చీటీ కూడా ఉన్నది. సెప్టెంబరులో పుట్టినవారి రాయి నీలమనీ, అది ధరిస్తే అదృష్టం కలుగుతుందనీ ఆ చీటీలో అచ్చువేశారు. అమ్మాయి ఉంగరం వేలికి పెట్టుకొని, పరుగెత్తుకొని వెళ్లి నాయనమ్మకు చూపింది. నాయనమ్మ ముఖం చిన్నబోయింది. "అది శని రాయి, తల్లీ! నీలం అందరికీ పడదు. ముందు తీసెయ్యి" అన్నది. అమ్మాయి ఏడ్చింది. "మా చెల్లెలు ప్రేమతో పంపింది కదమ్మా" అని తండ్రి అన్నాడు. "ప్రేమ వేరు, శని వేరు" అని నాయనమ్మ అన్నది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదట.

మరునాడు ఆ అమ్మాయి తరగతిలో లేచి నిలబడి, "గురువుగారూ! అత్త చెప్పింది నిజమా? నాయనమ్మ చెప్పింది నిజమా?" అని అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తెలుసుకొని చెప్పుతానన్నాను. తెలుసుకొన్నదంతా ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా అత్తగారి చీటీ సంగతి చూద్దాం. జనవరికి ఒక రాయి, ఫిబ్రవరికి ఒక రాయి అని పన్నెండు నెలలకు రాళ్లు చెప్పే పట్టికను మీరు నగల దుకాణాలలో చూచే ఉంటారు. ఏప్రిల్‌కు వజ్రం, మే నెలకు పచ్చ, జూన్‌కు ముత్యం, జూలైకి కెంపు, సెప్టెంబరుకు నీలం. ఇది ఎంతో ప్రాచీనమైన పట్టిక అని చాలామంది అనుకొంటారు. నెలకొక రాయి అనే ఊహ ఐరోపాలో పాతదే. యూదుల ప్రధాన యాజకుడు ధరించిన కవచం మీద పన్నెండు రాళ్లు ఉండేవని వారి గ్రంథాలలో ఉన్నది. ఆ పన్నెండింటిని పన్నెండు నెలలకు తరువాతివారు ముడిపెట్టారు. కాని ఏ నెలకు ఏ రాయి అన్న విషయంలో ఒక్కొక్కరిది ఒక్కొక్క మాటగా ఉండేది. కొనేవారు తికమక పడకూడదని 1912లో అమెరికాలోని నగల వర్తకుల సంఘం కాన్సాస్ నగరంలో సమావేశమై ఒక పట్టికను ఖాయం చేసింది. ఇప్పుడు దుకాణాలలో కనిపించేది, చిన్న చిన్న మార్పులతో, ఆ పట్టికే. అనగా అత్తగారి చీటీని వ్రాసింది ఋషులు కారు, వర్తకులు. ఇందులో తప్పేమీ లేదు గాని, ఆ సంగతి తెలిసి ఉండడం మంచిది.

నాయనమ్మ లెక్క వేరు. ఆ లెక్కలో నెలలు లేవు, గ్రహాలు ఉన్నవి. మన పెద్దలు తొమ్మిది గ్రహాలను చెప్పి, ఒక్కొక్క గ్రహానికి ఒక్కొక్క రత్నాన్ని కేటాయించారు. ఈ తొమ్మిదీ నవరత్నాలు. సూర్యునికి మాణిక్యం, దీనినే మనం కెంపు అంటాం. చంద్రునికి ముత్యం. కుజునికి పగడం. బుధునికి మరకతం, అనగా పచ్చ. గురువుకు పుష్యరాగం. శుక్రునికి వజ్రం. శనికి ఇంద్రనీలం. మిగిలిన రాహువుకు గోమేధికం, కేతువుకు వైడూర్యం.

ఈ జతలలో రంగుల పోలిక కనబడుతుంది. కుజగ్రహం ఆకాశంలో ఎర్రగా కనిపిస్తుంది, పగడం ఎరుపు. చంద్రుడు తెలుపు, ముత్యం తెలుపు. తెల్లవారుజామున తూర్పున మెరిసే శుక్రుని కంటే మెరుపుగల గ్రహం వేరొకటి లేదు. అందుకే కాబోలు వజ్రం ఆయనకు దక్కింది. వైడూర్యాన్ని వెలుతురులో తిప్పి చూస్తే నడుమ ఒక తెల్లని గీత పిల్లికన్ను వలె అటూ ఇటూ కదులుతుంది. తోకచుక్కను మనం ధూమకేతువు అంటాం గదా. ఆ గీతను చూచినప్పుడల్లా నాకు ఆ తోకే గుర్తుకు వస్తుంది. ఇది నా ఊహ మాత్రమే, శాస్త్రం కాదు.

నవరత్నాలను ఒకే ఉంగరంలో గాని పతకంలో గాని పొదిగితే కెంపును నడుమ ఉంచుతారు. గుడిలో నవగ్రహ మంటపం దగ్గర నిలబడి చూడండి. సూర్యుడు నడుమ ఉంటాడు, మిగిలిన ఎనిమిది గ్రహాలు ఎనిమిది దిక్కులలో ఉంటాయి. తూర్పున శుక్రుడు కనుక ఉంగరంలోనూ తూర్పున వజ్రం, పడమట శని కనుక పడమట నీలం. ఆ ఉంగరం నిజానికి ఒక చిన్న నవగ్రహ మంటపం.

ఈ గ్రహాలు మీకు కొత్తవి కావు. ఆదివారం ఆదిత్యునిది, సోమవారం చంద్రునిది, మంగళవారం కుజునిది. ఇట్లా శనివారం వరకు లెక్క పెట్టండి. ఇప్పుడు మీ ఫ్రెంచి పాఠాన్ని జ్ఞాపకం చేసుకోండి. సోమవారాన్ని ఫ్రెంచిలో లంది అంటారు. లూన్ అంటే చంద్రుడు. మార్ది అంటే మార్స్ దినం, అనగా కుజుని వారం. మెర్‌క్రెది బుధుని వారం. వాంద్రెది వీనస్ దినం, శుక్రవారం. ఇంగ్లీషులో సాటర్‌డే అంటే సాటర్న్ దినం, అదే శనివారం. ప్రపంచం సగం తిరిగి వచ్చినా వారాల వరుస మారలేదు చూచారా! రాహుకేతువులకు మాత్రం వారాలు లేవు. అవి కంటికి కనిపించే గ్రహాలు కావు. చంద్రుని దారి సూర్యుని దారిని దాటే రెండు చోట్లకు మన పెద్దలు పెట్టిన పేర్లు అవి. గ్రహణాలు పట్టేది ఆ చోట్లనే.

ఇక ఎవరికి ఏ రాయి అన్నది ఎట్లా నిర్ణయిస్తారు? దీనికి ఒక లెక్క ఉన్నది, మీరు కూడా చేయవచ్చును. అశ్విని మొదలు రేవతి వరకు నక్షత్రాలు 27. గ్రహాలు 9. ఒక్కొక్క గ్రహానికి మూడు నక్షత్రాలు వస్తాయి. గ్రహాల వరుస ఇది: కేతువు, శుక్రుడు, సూర్యుడు, చంద్రుడు, కుజుడు, రాహువు, గురువు, శని, బుధుడు. అశ్వినికి కేతువు, భరణికి శుక్రుడు, కృత్తికకు సూర్యుడు. ఇట్లా తొమ్మిదవదైన ఆశ్లేషకు బుధుడు. పదవదైన మఖతో మళ్లీ కేతువు మొదలవుతాడు. కనుక మీ జన్మ నక్షత్రం ఎన్నవదో చూచి 9తో భాగించండి. శేషం 1 వస్తే కేతువు, 2 వస్తే శుక్రుడు, ఇట్లా. శేషం ఏమీ మిగలకపోతే బుధుడు. ఏ గ్రహం వస్తే ఆ గ్రహపు రత్నం మీది.

ఉంగరం అమ్మాయి నక్షత్రం అనూరాధ. అనూరాధ పదిహేడవ నక్షత్రం. 17ను 9తో భాగిస్తే శేషం 8. ఎనిమిదవ గ్రహం శని. శని రత్నం నీలం!

తరగతిలో ఈ లెక్క నల్లబల్ల మీద వేసినప్పుడు ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. కాని కథ అంతటితో అయిపోలేదు. నక్షత్రాన్ని చూడరాదు, రాశిని చూడవలెననే జ్యోతిష్కులు ఉన్నారు. అనూరాధ వృశ్చికరాశిలోనిది. వృశ్చికానికి అధిపతి కుజుడు. కనుక ఆమెకు పగడం చెప్పుతారు. పుట్టిన వారాన్ని బట్టి చెప్పేవారూ ఉన్నారు. ఆమె గురువారం పుట్టింది, అట్లాగైతే పుష్యరాగం. పుట్టిన గడియను బట్టి లగ్నం చూచి చెప్పేవారి మాట ఇంకొకటి. జాతకంలో నడుస్తున్న దశను బట్టి మార్చి మార్చి పెట్టుకోమనేవారు మరికొందరు. ఒక్క పిల్ల, మూడు నాలుగు రాళ్లు! అందరూ ఒకే శాస్త్రం పేరు చెప్పేవారే.

అయితే ఈ శాస్త్రం ఎంత పాతది? రత్నాలను పరీక్షించే విద్య మన దేశంలో చాల పాతది. దానిని రత్నపరీక్ష అనేవారు. ఆరవ శతాబ్దంలో ఉజ్జయినిలో ఉన్న వరాహమిహిరుడు బృహత్సంహిత అనే పెద్ద గ్రంథం వ్రాశాడు. అందులో రత్నాల గూర్చి కొన్ని అధ్యాయాలు ఉన్నవి. ఆయన చాలా రత్నాల పేర్లు చెప్పి, నాలుగింటిని మాత్రం వివరంగా వర్ణించాడు: వజ్రం, ముత్యం, పద్మరాగం, మరకతం. మంచి రత్నం రాజుకు శుభం కలిగిస్తుందనీ, దోషం ఉన్న రత్నం కీడు చేస్తుందనీ ఆయన అభిప్రాయం. గమనించండి. ఆయన దృష్టి రాయిలోని మంచిచెడ్డల మీద ఉన్నది. ధరించేవాడు ఏ నెలలో పుట్టాడన్న దాని మీద లేదు. నీరు ఎట్లా ఉన్నది, పగులు ఉన్నదా, మచ్చ ఉన్నదా అని చూచే నిపుణుని చూపు అది.

రత్నాల మాట ఎత్తితే తెలుగువారు ఊరుకోరు, నేను కూడా ఊరుకోను. రాయలవారి కాలంలో వీధులలో రత్నాలు రాశులు పోసి అమ్మారని మన పెద్దలు చెప్పుకొంటారు. ఆ మాట ఉత్త గొప్ప కాదు. సుమారు 1520లో విజయనగరాన్ని చూచిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు అక్కడి అంగడి వీధిలో కెంపులు, వజ్రాలు, పచ్చలు, ముత్యాలు అమ్మడం చూచి వ్రాసి పెట్టాడు.

అంతకంటె గొప్ప సంగతి ఒకటున్నది. 1720లలో బ్రెజిల్ దేశంలో వజ్రాలు దొరికే వరకు, ప్రపంచానికి వజ్రాలు అందించిన ముఖ్యమైన దేశం భారతదేశమే. వాటిలో పేరుపొందినవి కృష్ణానది ఒడ్డున ఉన్న గనుల నుండి వచ్చినవి. వాటిని గోల్కొండ వజ్రాలు అన్నారు. గోల్కొండ కోటలో వజ్రాల గని ఉండేదని అనుకోకండి. అది రాజధాని, వ్యాపారానికి కేంద్రం. గనులు దూరంగా, కొల్లూరు వంటి ఊళ్లలో ఉండేవి. 17వ శతాబ్దంలో టావెర్నియె అనే ఫ్రెంచి వర్తకుడు కొల్లూరు గనిని చూచి, అక్కడ 60,000 మంది పని చేస్తున్నారని వ్రాశాడు. మగవారు మట్టి తవ్వేవారు. ఆడవారు, పిల్లలు ఆ మట్టిని మోసేవారు. దానిని నీటితో కడిగి, ఎండబెట్టి, చేటలతో చెరిగి, చేతులతో వెదికేవారు. మీ వయసు పిల్లలు తట్టలు మోశారు! వారి వేళ్లకు ఏ రాయీ లేదు. ఆ గనిలో దొరికిన నీలివజ్రం నేడు అమెరికాలో వాషింగ్టన్ నగరంలోని ప్రదర్శనశాలలో హోప్ వజ్రమనే పేరుతో ఉన్నది. కోహినూరు కూడా కొల్లూరుదేనని చెప్పుతారు. దానిని 1849లో ఇంగ్లీషువారు పంజాబు నుండి తీసుకొనిపోయారు. 1852లో సానపట్టించిన తరువాత దాని బరువు 105.6 కారట్లు, అనగా 21 గ్రాములు. అది లండన్ కోటలో ఉన్నది. కొల్లూరు మాత్రం పులిచింతల జలాశయపు ముంపులో కలిసిపోయింది.

రాయలసీమలో ఇప్పటికీ వజ్రాల వేట జరుగుతుంది. కర్నూలు జిల్లాలో జొన్నగిరి, తుగ్గలి ప్రాంతాలలోను, అనంతపురం జిల్లాలో వజ్రకరూరు ప్రాంతంలోను తొలకరి వానలు పడగానే జనం పొలాలలో చేరుతారు. వాన నీరు పైమట్టిని కడిగివేస్తే రాళ్లు బయటపడతాయి. ఇతర జిల్లాల నుండి కూడా సద్ది మూటలు కట్టుకొని వచ్చి, చెట్ల కింద పడుకొని, పగలంతా నేలను చూస్తూ నడుస్తారు. దొరికేది ఏ కొద్దిమందికో. మిగిలినవారు ఉత్త చేతులతో ఇంటికి పోయి, మరుసటి ఏడు మళ్లీ వస్తారు.

మన పూర్వీకులు కోరంగి రేవులో ఓడ ఎక్కి ఈ మారిషస్ దీవికి వచ్చినప్పుడు వారి మూటలలో రత్నాలు లేవు. రత్నాలు పుట్టే దేశం నుండి వచ్చినా, వారు వచ్చింది చెరకు నరకడానికి. రాయి లేకపోయినా రాయిని గూర్చిన భయభక్తులు మాత్రం వెంట వచ్చినవి. వాటికి ఓడ ఛార్జీ లేదు కదా!

మన సముద్రం సంగతి చెప్పకపోతే ఈ పాఠం మన దేశపు పాఠం కాదు. నవరత్నాలలో రెండు రాళ్లే కావు. ముత్యం ఒక రకం ఆల్చిప్ప లోపల పెరుగుతుంది. పగడం సముద్రంలో ఉండే చిన్న చిన్న జీవులు కట్టుకొన్న గూడు. మన దీవి చుట్టూ పగడపు దిబ్బలు ఉన్నవి గదా అని మీరు అనవచ్చు. అవి నగలకు పనికివచ్చే ఎర్రపగడం కాదు. ఆ ఎర్రపగడం ఎక్కువగా మధ్యధరా సముద్రంలోనిది. రెండు వేల సంవత్సరాల కిందటనే అది ఓడలలో భారతదేశానికి వచ్చేది. తాము ముత్యాలకు ఇచ్చే విలువను భారతీయులు పగడాలకు ఇస్తారని ప్లినీ అనే రోమను పండితుడు ఆశ్చర్యపడ్డాడు. మన దిబ్బల నుండి పగడం విరిచి తేవడం మన దేశపు చట్టం ప్రకారం నేరం. సరదాకైనా ఆ పని చేయకండి.

ఇప్పుడు తూర్పు వైపు ఉన్న దేశాలకు పోదాం. శ్రీలంకలో ఒక పట్టణం పేరు రత్నపుర. ఆ పేరు మీకు ఎవరూ అర్థం చెప్పనక్కరలేదు. అక్కడ వరిపొలాల నడుమ బావుల వంటి గుంటలు తవ్వి, అడుగున ఉండే గులకమట్టిని పైకి తీస్తారు. ఆ మట్టిని ఇల్లం అంటారు. దానిని బుట్టలలో పోసి నీటిలో గుండ్రంగా తిప్పి కడిగితే బరువైన రాళ్లు అడుగున మిగులుతాయి. నీలాలు, వైడూర్యాలు అక్కడ పేరుమోసినవి.

బర్మాలో, అనగా నేటి మయన్మార్‌లో, మొగోక్ అనే చోట దొరికే కెంపులకు లోకమంతటా ఖ్యాతి. అక్కడివారికి పుట్టిన తేదీ కంటె పుట్టిన వారమే ముఖ్యం. తమాషా ఏమంటే వారికి వారానికి ఎనిమిది రోజులు! బుధవారాన్ని రెండుగా విడదీస్తారు. మధ్యాహ్నం వరకు బుధునిది, ఆ తరువాత రాహువుది. రాహువుకు వారం లేదని పైన చెప్పుకొన్నాం. బర్మావారు ఆయనకు పూట భాగం ఇచ్చి తృప్తిపరచారు. రంగూన్‌లోని ష్వేడగోన్ పగోడా చుట్టూ ఎనిమిది దిక్కులలో ఎనిమిది చోట్లు ఉన్నవి. ఎవరి వారం దగ్గరకు వారు పోయి బుద్ధవిగ్రహానికి నీళ్లు పోస్తారు.

థాయిలాండులో కూడా నవరత్నాలు ఉన్నవి. వారి మాటలు వినండి. పచ్చను మొరకోట్ అంటారు, అది మన మరకతమే. వైడూర్యాన్ని ఫైతూన్ అంటారు. గోమేధికాన్ని గోమెన్ అంటారు. కాని రెండు రత్నాలను వారు మార్చుకొన్నారు. మన ముత్యానికి బదులు చంద్రకాంతమణి, మన పగడానికి బదులు జిర్కాన్ అనే రాయి వారి తొమ్మిదింటిలో చేరాయి. 1851లో మోంగ్‌కుట్ రాజు నవరత్నాల పేరుతో ఒక గొప్ప బిరుదును స్థాపించాడు. ఆ బిరుదు పతకం నేటికీ ఇస్తారు. వారాల పేర్లూ మనకు తెలిసినవే: ఆతిత్, చన్, ఫుత్, సుక్. ఒక్కొక్క వారానికి ఒక్కొక్క రంగు ఉన్నది. సోమవారం పసుపు, మంగళవారం గులాబి, బుధవారం ఆకుపచ్చ. భూమిబల్ రాజు 1927లో సోమవారం నాడు పుట్టాడు. అందుచేత ఆయన మీద గౌరవంతో ప్రజలు పసుపు చొక్కాలు తొడుక్కొనేవారు. ఒక్కసారి లెక్క చూడండి: సోమవారం చంద్రునిది, చంద్రునికి మనం చెప్పే రంగు తెలుపు. వారికి పసుపు. ఒకే తాతగారి ఆస్తిని ఇద్దరు మనుమలు వేరువేరుగా వాడుకొన్నట్లు ఉన్నది.

జపాను దేశం కథ చిన్నది. 1958లో అక్కడి రత్నాల వర్తకులు అమెరికావారి నెలల పట్టికను తీసుకొని, మార్చి నెలకు పగడాన్ని, మే నెలకు జేడ్ అనే ఆకుపచ్చ రాయిని అదనంగా చేర్చారు. 2021లో మరికొన్ని రాళ్లు చేర్చారు. రాళ్లు పెరిగితే కొనేవారూ పెరుగుతారు గదా.

మళ్లీ నీలం దగ్గరకు వద్దాం. మన నాయనమ్మలు భయపడే నీలాన్ని, అందరూ ఇష్టపడే కెంపును పగులగొట్టి లోపల ఏమున్నదో చూడగలిగితే రెండూ ఒకటే అని తేలుతుంది! రెండూ కురువిందం అనే ఖనిజమే. ఇంగ్లీషులో దీనిని కోరండం అంటారు. ఆ మాట మన దక్షిణదేశపు భాషల నుండి పోయినదే. శుద్ధమైన కురువిందానికి రంగు లేదు. అందులో క్రోమియం కొంచెం కలిస్తే ఎరుపు, అది కెంపు. ఇనుము, టైటానియం కలిస్తే నీలిరంగు, అది నీలం. పసుపురంగుది కనకపుష్యరాగం. అనగా సూర్యుడు, శని, గురువు ముగ్గురూ ఒకే రాయిని పంచుకొన్నారు. పురాణాలలో శని సూర్యుని కొడుకు. ఆ సంగతి, ఈ సంగతి పక్కపక్కన పెట్టి చూస్తే నాకు నవ్వు వచ్చింది.

మాటల ప్రయాణం ఇంకొకటి చెప్పి ముందుకు పోతాను. మన వైడూర్యం ప్రాకృతభాషలో వేళురియ అయింది. దాని నుండి గ్రీకువారి బెరిల్ వచ్చింది. అట్టి తేటరాళ్ల పేరు మీదనే జర్మనీలో కళ్లజోడును బ్రిల్లె అంటారు. కళ్లజోడు పెట్టుకొన్న జర్మను తాతగారి ముక్కు మీద మన వైడూర్యం కూర్చొని ఉన్నదన్నమాట.

ఇక కొంచెం కష్టమైన సంగతి. దుకాణంలో అమ్మే రాయి నిజంగా ఆ రాయేనా? 1902లో వెర్న్యూయ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మంటలో కెంపును తయారుచేసే విధానాన్ని ప్రకటించాడు. అది గాజు కాదు, నిజమైన కురువిందమే. కాని భూమిలో పుట్టినది కాదు. 1970లలో మరొక విధానం వ్యాపించింది. శ్రీలంకలో గ్యూడా అనే పాలరంగు రాళ్లను విలువ లేనివని పక్కన పారవేసేవారు. థాయిలాండు వర్తకులు వాటిని చవకగా కొని, 1500 డిగ్రీలకు మించిన వేడిలో కాల్చారు. అవి చక్కని నీలాలయ్యాయి! నేడు అమ్మే నీలాలలో చాలవరకు ఇట్లా కాల్చినవే. కాల్చిన సంగతి చెప్పి అమ్మితే మోసం కాదు, చెప్పకపోతే మోసం. గాజును రత్నమని అమ్మడం మాత్రం ఎప్పుడూ మోసమే. భూతద్దంతో చూస్తే గాజులో గుండ్రని గాలిబుడగలు కనబడవచ్చును. కాని ఖాయంగా చెప్పగలిగేది పరీక్షాశాల మాత్రమే. ఇంట్లో రాయిని రాయితో గీకి పరీక్షించకండి. నగ పాడవుతుంది, తిట్లు తింటారు.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి మాత్రమే వ్రాయడం లేదు. మా అన్నయ్య పెద్దపరీక్ష ఒకసారి తప్పినప్పుడు మా అమ్మ ఎవరి దగ్గరకో పోయి జాతకం చూపించింది. గురుబలం లేదు, పుష్యరాగం పెట్టించమన్నారు. అమ్మ తన రెండు గాజులు అమ్మి ఉంగరం చేయించింది. మరుసటి ఏడు అన్నయ్య పరీక్ష గట్టెక్కాడు. ఉంగరం వలననే అని అమ్మ అందరికీ చెప్పుకొన్నది. ఆ ఏడు అన్నయ్య దీపం ముందు రాత్రి ఒంటిగంట వరకు కూర్చోవడం నేను చూచాను; నేనూ అదే గదిలో పడుకొనేవాణ్ణి. చాలా కాలం తరువాత ఉంగరం వదులైతే సరిచేయించడానికి కంసాలి దగ్గరకు తీసుకొనిపోయాం. ఆయన కన్నుకు అద్దం పెట్టి చూచి, తల పైకెత్తకుండానే, "ఇది గాజు బాబూ" అన్నాడు. మేము అమ్మకు ఆ మాట చెప్పలేదు. ఆమె ఉన్నంతకాలం చెప్పలేదు. రెండు బంగారు గాజులు పోయినవి, వాటి స్థానంలో ఒక గాజు ముక్క వచ్చింది. అయినా ఆ ఉంగరాన్ని అన్నయ్య ఇప్పటికీ తీయలేదు.

కనుక ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. ఒక రాయి పరీక్షలో మార్కులు వేస్తుందనడానికి గాని, జబ్బు తెస్తుందనడానికి గాని, తగ్గిస్తుందనడానికి గాని నాకు ఎక్కడా రుజువు దొరకలేదు. అత్త చీటీకీ రుజువు లేదు, నాయనమ్మ భయానికీ రుజువు లేదు. జబ్బు చేస్తే డాక్టరు దగ్గరకు పోవలెను, ఇల్లు గడవని రోజులలో అప్పు చేసి రాయి కొనరాదు. ఈ రెండు మాటలు నేను గట్టిగా చెప్పగలను. అత్త ఉంగరం పంపింది ప్రేమతో, నాయనమ్మ వద్దన్నదీ ప్రేమతోనే. దీనిని రుజువు చేయడానికి ఏ పరీక్షాశాలా అక్కరలేదు.

ఈ మాటలన్నీ ఆ అమ్మాయి ఇంటికి పోయి చెప్పింది. అనూరాధ లెక్క కూడా కాగితం మీద వేసి చూపింది. నాయనమ్మ శ్రద్ధగా విన్నది. కాని ఒప్పుకోలేదు. "మీ గురువుగారికి లెక్కలు తెలుసు. నీలం సంగతి నాకు తెలుసు" అన్నది. నీలాన్ని వేలికి పెట్టుకొనే ముందు మూడు రాత్రులు దిండు కింద ఉంచుకొని చూడవలెననీ, పీడకలలు రాకపోతే ధరించవచ్చుననీ మన వారిలో ఒక వాడుక ఉన్నది. నాయనమ్మ ఆ మాట చెప్పింది. అమ్మాయి సరేనన్నది. ఉంగరం ఇవ్వమని చేయి చాచింది.

నాయనమ్మ ఇవ్వలేదు. ఉంగరాన్ని ఒక గుడ్డలో చుట్టి, మూడు రాత్రులూ తన దిండు కిందనే పెట్టుకొని పడుకొన్నది. నాలుగవ రోజు ఉదయం తలస్నానం చేసి, దేవుని దగ్గర దీపం పెట్టి, మనుమరాలిని పిలిచి, తన చేతులతోనే ఉంగరం వేలికి తొడిగింది. కలలు వచ్చినవా అని ఎవరడిగినా చెప్పలేదట.

అభ్యాసం

మీ జన్మ నక్షత్రం ఏదో ఇంట్లో పెద్దవారిని అడిగి తెలుసుకోండి. పాఠంలోని లెక్క ప్రకారం మీ రత్నం ఏదో కనుగొనండి.

కెంపు, నీలం ఒకే ఖనిజమైతే వాటి రంగులు ఎందుకు వేరయినవి?

గోల్కొండ వజ్రాలు గోల్కొండలో దొరకలేదు. మరి ఆ పేరు ఎట్లా వచ్చింది?

మీ ఇంట్లో పాత రాతి ఉంగరం గాని, కమ్మలు గాని ఉన్నవా? అవి ఎవరివి, ఎక్కడ నుండి వచ్చినవి? అడిగి, పది వాక్యాలలో తెలుగులో వ్రాయండి.

నాయనమ్మ మూడు రాత్రులు ఉంగరాన్ని తన దిండు కింద ఎందుకు పెట్టుకొన్నది? మీకు తోచింది మీ మాటలలో చెప్పండి.